పై అంతస్తు గోల

2023లో దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ అయిన శాఫ్ చాంపియన్‌షిప్ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగింది. జులై 4న ఫైనల్ చూడడానికి మేమంతా అదే ఊళ్ళో ఉన్న అక్కావాళ్ళ ఇంట్లో చేరాము. ప్రత్యర్థి కువైట్. ఆ దేశం దక్షిణాసియాలోకి ఎప్పుడు వచ్చిందని అక్క అత్తగారు ఆరా తీశారు. కువైట్, లెబనాన్ అతిథి జట్లేనని, పిలుపు మీద వచ్చిన చుట్టాలే మొదటి పంక్తిలో కూర్చున్నట్టు రెండూ సెమీఫైనల్ దాకా వచ్చాయని బావగారు సవిస్తరంగా చెప్పారు. టీవీ రీచార్జి గడువు ముగిసిన సంగతి మాత్రం చెప్పలేదు. దానిని టీవీయే చెప్పింది.

గత్యంతరం లేక ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి చూడసాగాము. ఫోనులో ఆట అర నిమిషం వెనకబడి నడుస్తోందని, పై అంతస్తువారు ‘అయ్యో’ అన్న తరువాత తీరిగ్గా అల్ ఖాల్దీ మనమీద గోలు వేసినప్పుడు తెలిసింది. కిటికీ పక్కన కూర్చున్న బావగారు ఈ రహస్యాన్ని మా అందరికన్నా ముందు గ్రహించి, కళ్ళు అరమూసి, ‘ఇప్పుడు మనవాళ్ళు కొడతారు’ అన్నారు, ఛాంగ్టే కొట్టాడు. కాస్త చెవుడున్న అత్తగారు కొడుకును భక్తిగా చూశారు.

అదనపు సమయం ముగిసినా 1-1గానే ఉండడంతో పెనాల్టీలు వచ్చాయి. ఐదేసి తన్నులకు 4-4. ఆరో తన్నుకు మన మహేశ్ సింగ్ ఇంకా బంతి దగ్గరికి నడుస్తుండగానే పైన ఈలలు మోగాయి. ‘గెలిచాం!’ అని ప్రకటించి బావగారు మైసూరుపాకు డబ్బా తెరిచారు. అందరి నోళ్ళూ నిండాక ఫోనులో మహేశ్ గోలు వేశాడు. ఆ వెంటనే కువైట్ ఆటగాడు హజియా బంతి పట్టుకుని వచ్చాడు. అవతలివాళ్ళకు ఇంకా ఒక తన్ను మిగిలి ఉందన్న నియమం జ్యోతిష్కులవారికి తట్టనేలేదు. మింగాలో మానాలో తెలియక నోళ్ళు కదపకుండా కూర్చున్న మాకు, పైన బల్లలు దడదడలాడడంతో ప్రాణం లేచి వచ్చింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆ బంతిని ఆపడం తరువాత చూశాము. భారత్‌కు అది తొమ్మిదో శాఫ్ టైటిల్.

‘ముందే చెప్పానా లేదా?’ అన్నారు బావగారు, అడుగంటిన డబ్బాలోని పొడి దులుపుకుంటూ.