సుఖోయ్‌లు వచ్చాయి, క్షిపణులు రాలేదు

2019 డిసెంబరు చివర్లో ఆర్మేనియాకు రష్యా నుంచి నాలుగు సుఖోయ్-30 యుద్ధ విమానాలు వచ్చాయి. జనాభా 30 లక్షలకు అటూఇటూ ఉన్న దేశానికి అది పండగ లాంటి వార్త. తొమ్మిది నెలలు తిరిగేసరికి అజర్‌బైజాన్‌తో యుద్ధం వచ్చింది. 44 రోజులు సాగిన ఆ యుద్ధంలో ఈ నాలుగు విమానాలూ ఏ పనికీ రాలేదు. ఎందుకో 2021 మార్చిలో ఆర్మేనియా ప్రధాని నికోల్ పషిన్యానే ఒప్పుకున్నారు. విమానాలైతే కొన్నారు గానీ, వాటికి బిగించాల్సిన క్షిపణులు యుద్ధం మొదలయ్యేనాటికి చేతికి అందలేదు.

చిన్న దేశాల సైనిక ఆధునికీకరణ గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. ఎన్ని విమానాలు, ఎన్ని ట్యాంకులు, ఎన్ని వేల కోట్ల ఒప్పందం అన్న లెక్కలతోనే మన చర్చలు అయిపోతుంటాయి. కొన్న వస్తువు అవసరమైన రోజున పనిచేస్తుందా, దాన్ని నడిపే మనిషికి ఆ పనితనం ఉందా, పాడైతే బాగుచేసే దిక్కుందా అని అడిగేవాళ్లు తక్కువ. చిన్న దేశం ఓడిపోయేది సరిగ్గా అక్కడే. పెద్ద దేశానికి పది విమానాలు మూలన పడినా ఇంకో యాభై ఉంటాయి. ఆర్మేనియాకు ఉన్నవే నాలుగు.

2020 యుద్ధం గురించి అందరూ చెప్పేది డ్రోన్ల కథ. అది సగమే నిజం. అజర్‌బైజాన్ ఏం చేసిందో దగ్గరగా చూడండి. సోవియట్ కాలం నాటి ఆంటనోవ్-2 విమానాలు వాళ్ల దగ్గర బోలెడన్ని ఉన్నాయి. ఒకే ఇంజను, ఒకదానిపై ఒకటి రెండు జతల రెక్కలు, పొలాలకు మందు కొట్టడానికి వాడే రకం. వాటిని పైలట్ లేకుండా ఎగిరేలా మార్చి ఆర్మేనియా స్థావరాల మీదికి పంపారు. కింద గన్నర్‌కు ఏదో నెమ్మదిగా వస్తున్నట్టు కనిపించింది. రాడార్ ఆన్ చేశాడు, కాల్చాడు. ముసలి విమానం కూలింది. కానీ ఆ రాడార్ ఎక్కడుందో, ఆ లాంచర్ ఏ చెట్ల చాటున ఉందో పైన కాచుకుని ఉన్న టర్కీ బైరక్తార్ డ్రోన్లకు, లక్ష్యం మీదే పడి పేలిపోయే ఇజ్రాయెల్ తయారీ హారోప్ డ్రోన్లకు తెలిసిపోయింది. నిమిషాల్లో ఆ స్థావరం లేకుండా పోయింది.

ఇందులో గెలిచింది డ్రోన్ ఒక్కటే కాదు. పాత సరుకును కొత్తగా వాడాలన్న ఆలోచన వచ్చిన అధికారి గెలిచాడు. డ్రోన్ చూసిన బొమ్మను వెంటనే ఫిరంగి దళానికి చేరవేసే వ్యవస్థ గెలిచింది. టర్కీతో ఏళ్ల తరబడి, యుద్ధానికి రెండు నెలల ముందు కూడా కలిసి చేసిన విన్యాసాలు గెలిచాయి. ఇవతల ఆర్మేనియా దగ్గర విమానాలను కూల్చే ఎస్-300 క్షిపణి వ్యవస్థలు ఉన్నాయి, జోర్డాన్ నుంచి తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ ఓసా క్షిపణి వాహనాలు ఉన్నాయి. ఉన్నవాటిని ఒక్క తాటిమీద నడిపే సరైన ఏర్పాటు లేదు.

పైగా అన్నీ ఒకే దుకాణం సరుకు. 2011 నుంచి 2020 దాకా ఆర్మేనియా దిగుమతి చేసుకున్న ప్రధాన ఆయుధాల్లో 94 శాతం రష్యావేనని స్టాక్‌హోం పరిశోధన సంస్థ సిప్రి లెక్క తేల్చింది. అదే కాలంలో అజర్‌బైజాన్‌కు కూడా అందరికంటే ఎక్కువ అమ్మింది రష్యాయే. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ ఏకంగా ఆర్మేనియా భూభాగం మీదే దాడి చేస్తే, రష్యా నాయకత్వంలోని భద్రతా కూటమి కాపాడటానికి రాలేదు. మరుసటి ఏడాది, రెండు దేశాల గొడవకు మూలమైన కరాబాఖ్ ప్రాంతం ఆర్మేనియన్ల నుంచి పూర్తిగా చేజారింది. లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఉన్న ఇళ్లు ఉన్నట్టే వదిలేసి వచ్చేశారు. 2024 ఫిబ్రవరిలో పషిన్యాన్ ఆ కూటమిలో తమ భాగస్వామ్యాన్ని స్తంభింపజేశామని ప్రకటించారు.

తర్వాతి కథ మన పాఠకులకు తెలిసిందే. మన దగ్గర స్వాతి రాడార్లు, పినాక రాకెట్లు, ఆకాశ్ క్షిపణులు కొన్నారు. ఫ్రాన్స్ దగ్గర జీఎం-200 రాడార్లు, సీజర్ శతఘ్నులు తీసుకున్నారు. 2024 నాటికి రక్షణ బడ్జెట్ దాదాపు 140 కోట్ల డాలర్లకు చేరింది. 2020 నాటితో పోలిస్తే రెట్టింపు పైనే. దిశ మంచిదే. కానీ నాకు టెన్షన్ పెట్టేది కూడా ఇక్కడే ఉంది.

రష్యా ఎస్-300, ఫ్రాన్స్ రాడార్, భారత్ ఆకాశ్. ఈ మూడూ పుట్టుకతో ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. ఫ్రాన్స్ రాడార్ చూసిన శత్రు విమానం మన ఆకాశ్ కమాండ్ వాహనం తెరమీద కనిపించాలంటే మధ్యలో సాఫ్ట్‌వేర్ రాయాలి, పరీక్షించాలి, మళ్లీ మళ్లీ సరిచేయాలి. అది చేయకపోతే మూడు వ్యవస్థలు మూడు దీవుల్లా నిలబడి, 2020 మళ్లీ రిపీట్ అవుతుంది. ఇక దారి సంగతి. ఆర్మేనియాకు సముద్రం లేదు. తూర్పున అజర్‌బైజాన్, పడమర టర్కీ సరిహద్దులు దశాబ్దాలుగా మూసే ఉన్నాయి. మిగిలింది ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడ్డప్పుడు ఆ రెండో దారి పరిస్థితేంటో ఎవరికి వాళ్లే ఊహించుకోవచ్చు. ఒక సర్క్యూట్ బోర్డు కాలిపోతే హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చేదాకా ఆగుదామంటే శత్రువు ఆగడు. స్పేర్లు ముందే అక్కడి గోదాముల్లో ఉండాలి, వాటిని మార్చగలిగే చేతులు అక్కడే తయారవ్వాలి.

ఇంత చిన్న దేశం ఎంత ఖర్చు పెట్టినా చమురు డబ్బున్న అజర్‌బైజాన్‌తో సరితూగదు, 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందానికి తొలి సంతకాలు కూడా అయ్యాయి కాబట్టి ఆ డబ్బు రోడ్లకు, బడులకు పెట్టుకోవడం మేలని వాదించేవాళ్లున్నారు. శాంతి రావాలని నాకూ ఉంది. కానీ సరితూగడం ఎప్పుడూ లక్ష్యం కాదు. దాడి చేస్తే చాలా నష్టపోతామని అవతలివాడికి అనిపిస్తే చాలు, ఆ భయం ఉన్నప్పుడే సంతకాలు నిలబడతాయి. ఆ భయం పుట్టేది పనిచేసే ఆయుధం చూసినప్పుడే.

ఇక మన వైపు చూసుకుందాం, ఎందుకంటే ఈ కథలో మనం ప్రేక్షకులం కాదు. ఆకాశ్ రూపకల్పన జరిగింది హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో. క్షిపణిని తయారుచేసే భారత్ డైనమిక్స్ కంచన్‌బాగ్‌లో మొదలైన సంస్థ. 2024 నవంబరులో ఆర్మేనియాకు మొదటి ఆకాశ్ బ్యాటరీ బయల్దేరినప్పుడు తెలుగువాళ్లంతా గర్వపడ్డారు, నేనూ పడ్డాను. గర్వంతో పాటు ఇంకోటి కూడా గుర్తుండాలి. 2017లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, అంతకు మూడేళ్ల ముందు మన వైమానిక దళం 20 ఆకాశ్ క్షిపణులను పరీక్షిస్తే 6 విఫలమయ్యాయి. ఆ లోపాలు పట్టుకుని సరిచేసుకుంటూ వచ్చారు కాబట్టే 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాటికి అదే ఆకాశ్ మన ఆకాశాన్ని కాచింది. బయటపెట్టింది ఆడిట్. సరిచేసింది పేర్లు బయటికి రాని ఇంజినీర్లు, ఐటీఐ, డిప్లొమా చదివిన టెక్నీషియన్లు.

ఆ మనుషులకు మన దగ్గర విలువ లేదు. ఇది నేను చాలా ఏళ్లుగా అంటున్న మాటే, మళ్లీ అంటాను. మనది ప్రారంభోత్సవాల దేశం. మా బంధువుల ఊళ్లో ప్రభుత్వాసుపత్రికి డిజిటల్ ఎక్స్‌రే మిషన్ వచ్చినప్పుడు రిబ్బన్ కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఫ్లెక్సీలు కట్టారు. రెండేళ్లకు లోపల ఏదో చిన్న పార్టు పోయింది. మెయింటెనెన్స్ కాంట్రాక్టు అప్పటికే ముగిసింది, రెన్యూవల్ ఫైలు ఎక్కడో ఆగింది. మా పిన్నికి కాలు విరిగినప్పుడు ఆ మిషన్ మీద నీలం రంగు కవర్ కప్పి ఉంది. కవర్ మీద దుమ్ములో ఎవరో పిల్లలు పేర్లు రాశారు. పిన్నిని ఆటోలో పడుకోబెట్టి 30 కిలోమీటర్ల అవతల ప్రైవేటు సెంటర్‌కి తీసుకెళ్లాం. ప్రతి గతుకుకీ ఆమె పెట్టిన కేక నాకింకా వినబడుతుంది. మూలన పడ్డ ఆ లక్షల మిషనుకు, క్షిపణుల్లేని సుఖోయ్‌కు మధ్య నాకు తేడా కనపడదు.

మన ఇళ్లలో పిల్లాడు ఐటీఐ చేస్తానంటే పెద్దవాళ్లు తలదించుకుంటారు. పరికరాన్ని విప్పి, మళ్లీ బిగించి, పనిచేయించే పనిని చదువు అబ్బనివాళ్ల పనిగా చూస్తాం. రేపు మన ఆయుధ ఎగుమతులు నిలబడేదీ పడిపోయేదీ మాత్రం ఆ పిల్లాడి చేతుల్లోనే ఉంది. రష్యా ఆర్మేనియాను పోగొట్టుకున్నది ఆయుధం నాసిరకమై కాదు, అవసరానికి ఆదుకోలేదు కాబట్టి. మనమూ అమ్మి చేతులు దులుపుకుంటే, వాళ్లు వెతుక్కునే మూడో దుకాణం ఇంకోటి ఉంటుంది.

అందుకే ఎగుమతి ఒప్పందం విలువ ఎన్ని వేల కోట్లని గొప్పగా చెప్పే ప్రకటనల్లో నేను చూడాలనుకుంటున్నవి వేరే ఉన్నాయి. ఎన్నేళ్ల స్పేర్లు ఇస్తున్నారు? ఆర్మేనియా రాజధాని యెరెవాన్ దగ్గర వర్క్‌షాప్ పెడుతున్నారా? ఎంతమంది ఆర్మేనియా టెక్నీషియన్లకు హైదరాబాద్‌లో శిక్షణ ఇస్తున్నారు? ఆర్మేనియా కొండల్లో మంచు కురిసే రాత్రి ఒక లాంచర్ మొరాయిస్తే ఫోన్ మోగేది ఇక్కడే. ఆ ఫోన్ ఎత్తే మనిషిని, అతని పక్కన షెల్ఫులో ఉండాల్సిన పార్టును ఇప్పుడే సిద్ధం చేయాలి.