బ్యాంకు గాజు తలుపు గారికి, బరంపురం నుంచి

తలుపు గారూ,

నమస్కారం పెడదామంటే నా రెండు చేతులూ మీ హ్యాండిల్ మీదే ఉన్నాయి, అందుకే ఉత్తరం రాస్తున్నా.

పోయిన నవంబరులో మా మామ్మని తీసుకొచ్చాను. 82 ఏళ్ల మనిషి, పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అంటే బతికే ఉన్నానని చెప్పుకోవాలి. మిమ్మల్ని నెట్టింది. కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ నెట్టింది. లోపల్నుంచి గార్డు "మౌసీ, టాణంతు, టాణంతు" అని, అంటే లాగండి లాగండి అని ఒడియాలో అరిచాడట, అద్దం ఇవతలికి నోరు కదలడమే కనిపించింది. లాగమని మీ మీద ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ రాసి ఉన్నమాట నిజమే, కాకపోతే దాని మీద లోన్ మేళా స్టిక్కరు అంటించారు, ఇంగ్లీషులో మొదటి రెండు అక్షరాలే మిగిలాయి. పుష్‌కైనా పుల్‌కైనా ఆ రెండూ ఒకటే.

మామ్మ తప్పేం లేదు. మాది నేత వీధిలో పాత ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడితే వరసగా నాలుగు గుమ్మాలు, చివర పెరట్లో నుయ్యి. తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. వచ్చేవాడు నెట్టాలి, ఉన్నవాడు గడియ వేసుకోవాలి, అంతే. అరవై ఏళ్లు అలా నెట్టిన చెయ్యి అది. గుమ్మం ఎత్తు తక్కువ, అయినా వంగమని ఎవరూ బోర్డు పెట్టలేదు, ఒకసారి నుదురు తగిలితే జన్మంతా గుర్తుంటుంది. (మా పెద్ద బావకి పెళ్లిచూపుల నాడే తగిలింది. సంబంధం కుదిరింది లెండి.)

మీరు బయటికి తెరుచుకోవడం తప్పని నేననను. 1903లో షికాగోలో ఇరొక్వాయ్ థియేటర్ తగలబడినప్పుడు 600 మందికి పైగా పోయారు, గొళ్లెం ఎలా తియ్యాలో తెలియని తలుపుల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఆ తర్వాతే అమెరికాలో ఒంటితో తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ తలుపులు వాడకంలోకి వచ్చాయి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా బయటికి పోయే తలుపు బయటికే తెరుచుకోవాలంటుంది, వెడల్పు కనీసం 1000 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. తమరికి రెండు రెక్కలు. ఒకదానికి ఎప్పుడూ బోల్టే, రెండోది టేపు పెడితే 850 వచ్చింది. పోనీ కోడ్ కోసమే బయటికి తెరుచుకుంటున్నారా అంటే అదీ కాదు. మీ కింద ఉన్న ఫ్లోర్ స్ప్రింగ్ రెండు వైపులా తిరిగే రకమే, లోపల చెక్కుల పెట్టెకి తగులుతోందని గచ్చు మీద స్టాపర్ కొట్టారు!

ఇక హ్యాండిల్. లోపలా బయటా ఒకటే స్టీలు గొట్టం. నెట్టే వైపు చదును రేకు పెట్టండి, లాగే వైపు కడ్డీ పెట్టండి, బోర్డే అక్కర్లేదు అని డాన్ నార్మన్ అనే అమెరికా డిజైన్ నిపుణుడు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాడు. మీలాంటివాళ్లకి జనం ఆయన పేరే పెట్టేశారు, నార్మన్ తలుపులని. పాపం, తిట్టినవాడి పేరే తిట్టయి కూర్చుంది.

చివరికి లాగాం. మీ ముందున్న మెట్టు మూరెడు కూడా లేదు, లాగితే మనిషి వెనక్కి జరగాలి, జరిగితే మెట్టు అయిపోతుంది. మామ్మని నేను పట్టుకున్నాను. పాస్‌బుక్కునీ తమలపాకుల పొట్లాన్నీ కాలవ పట్టుకుంది.

ఈ ఏడు ఆ టెన్షనే వద్దని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్లోనే జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, చేసేశాను. మొహం చూపిస్తే అయిపోయింది. మామ్మ నమ్మదే. "ఫోన్లో బతికుంటే సరిపోద్దేటిరా, బేంకోళ్లు సూడొద్దా" అంది.

సోమవారం వస్తున్నాం. వారం రోజులుగా మా వీధి తలుపుని లోపలి వైపు నుంచి లాగి లాగి ప్రాక్టీసు చేస్తోంది. ఈలోగా ఆ చెక్కుల పెట్టెని మాత్రం ఎవరూ పక్కకి జరపకుండా చూడండి.

ఇట్లు,
మామ్మ మనవడు