పొందూరును మరిచిపోయారు
శ్రీకాకుళం జిల్లా విశేషాలంటూ రాసిన ఈ వ్యాసంలో అరసవల్లి, శ్రీకూర్మం గురించి చక్కగా చెప్పారు. కానీ పొందూరు ఖాదీ ఊసే లేదు, చాలా బాధనిపించింది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరసకి నలుసులన్నీ చిక్కుకుని దూది మెత్తగా విడివడుతుంది. ఆ దూదితోనే వంద కౌంటు (నూలు సన్నదనానికి కొలత) సన్న నూలు వడుకుతారు. ఇంత పనితనం ఇంకెక్కడుందండీ! వంశధార వెంట ముఖలింగం గుడులు, ఇంకా దిగువకొస్తే శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం దగ్గర సముద్రం. వీటికీ చోటివ్వాల్సింది. ఇంకోమాట, 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. మీ మ్యాప్‌లో ఇంకా పాత హద్దులే ఉన్నాయి, దయచేసి మార్చండి.