అప్రైజర్ల బోర్డులో ఆ నాలుగు కుర్చీలు

పోయిన వారం మా డాలస్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. ఒక అన్నయ్య ఫ్రిస్కోలో ఇల్లు కొంటున్నారు. అప్పిచ్చే ముందు బ్యాంకు ఆ ఇంటికి అప్రైజల్, అంటే విలువ అంచనా, వేయించింది. కాంట్రాక్టు ధర కంటే అది ముప్పై వేల డాలర్లు తక్కువ వచ్చింది. ఆ తేడా చేతి నుంచి పెట్టుకోవాలి, లేదంటే ఇల్లు వదులుకోవాలి. ఆయన కోపం న్యాయమైనదే. అక్కడి నుంచి మాట రాష్ట్ర బోర్డు మీదికి వెళ్లింది. "అప్రైజర్లకు లైసెన్సులు ఇచ్చేది, వాళ్ల మీద ఫిర్యాదులు వినేది మళ్లీ అప్రైజర్లేనట! దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టుంది. అందరినీ తీసేసి బ్యాంకుల వాళ్లను పెట్టాలి" అని ఒకరు రాశారు. దాని కింద వరసగా ఇరవై లైకులు.

నేను అప్రైజర్ ట్రైనీని. కాబట్టి ఈ విషయంలో నా స్వార్థం కూడా కొంత ఉంది, ముందే చెప్తున్నాను. బోర్డు సభ్యత్వం మారాలని నేనూ అంటాను. కానీ గ్రూపులో అన్నట్టు మారిస్తే మనం పెనం మీద నుంచి సరాసరి పొయ్యిలో పడతాం.

ముందు ఒక అపోహ తీసేస్తాను. ప్రాపర్టీ టాక్స్ నోటీసు పంపే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేరు. ఇల్లు కొనేటప్పుడు లెండర్, అంటే అప్పిచ్చే సంస్థ, తరఫున వచ్చి ఫొటోలు తీసుకుని రిపోర్టు రాసే మనిషి వేరు. ఈ రెండోవాళ్లను చూసేది టెక్సస్ అప్రైజర్ లైసెన్సింగ్ అండ్ సర్టిఫికేషన్ బోర్డు. అందులో ఉండేది తొమ్మిది మంది. నలుగురు అప్రైజర్లు, నలుగురు ప్రజల తరఫు సభ్యులు. ఈ ఎనిమిది మందినీ గవర్నర్ నియమిస్తారు, సెనేట్ ఆమోదించాలి. తొమ్మిదో కుర్చీ మాజీ సైనికులకు అప్పులిచ్చే వెటరన్స్ ల్యాండ్ బోర్డుది. అంటే అందరూ అప్రైజర్లే అన్న మాట మా రాష్ట్రంలో నిజం కాదు. కాలిఫోర్నియాలో అయితే అసలు బోర్డే లేదు, ప్రభుత్వ బ్యూరో ఒకటి ఆ పని చేస్తుంది.

ఈ బోర్డులు ఎందుకు పుట్టాయో తెలిస్తే బ్యాంకుల వాళ్లను కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మనం రోజూ తిరిగే ఐ-30 హైవే మీదే ఆ కథ ఉంది. 1980ల మొదట్లో మెస్కీట్‌లోని ఎంపైర్ సేవింగ్స్ అనే సంస్థ ఈ రోడ్డు పక్కన కాండోలకు విపరీతంగా అప్పులిచ్చింది. ఒకే నేల చేతులు మారుతూ పోయింది. మారిన ప్రతిసారీ ధర పెరిగింది, పెరిగిన ధరకు తగ్గట్టు అప్రైజల్ వచ్చింది. కట్టిన కాండోలు ఖాళీగా మిగిలిపోయాయి. 1984లో ఆ సంస్థ మూతపడింది. తర్వాతి పదేళ్లలో దేశమంతటా ఇలాంటి పొదుపు సంస్థలు వెయ్యికి పైగా కూలిపోయాయి, టెక్సస్‌కు తగిలిన దెబ్బ చాలా పెద్దది. అప్పు ఇచ్చేవాడికి కావలసిన అంకె అప్రైజర్ రాసిస్తే చివరికి బిల్లు జనమే కట్టాలని అప్పుడు అర్థమైంది. 1989లో ఫిర్రియా చట్టం వచ్చింది, దాంతో రాష్ట్రాలు అప్రైజర్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాయి. లెండర్ నుంచి అప్రైజర్‌ను విడదీయడానికి పుట్టిన బోర్డులో లెండర్‌కే పెద్దపీట వేయమంటారా? కొన్ని రాష్ట్రాల్లో బ్యాంకుల ప్రతినిధికి కుర్చీ ఉంది. ఒక్క కుర్చీ అయితే సరే, వాళ్ల మాటా వినాలి. అంతకు మించి నేను ఒప్పుకోను.

అలాగని అప్రైజర్లే నిండిపోవడమూ మంచిది కాదు. ఇది నా సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు చెప్పిన మాట. నార్త్ కరోలినాలో దంతవైద్యుల బోర్డు ఉంది. ఎనిమిది మందిలో ఆరుగురు దంతవైద్యులే. పళ్లు తెల్లబరిచే చిన్న దుకాణాలు తక్కువ డబ్బుకు ఆ పని చేస్తుంటే, ఆపేయమని ఆ బోర్డు లేఖలు పంపింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015లో తీర్పు వచ్చింది: ఆ వృత్తిలో సంపాదించుకునే వాళ్ల చేతిలో ఉన్న బోర్డుకు పైనుంచి రాష్ట్ర ప్రభుత్వ పర్యవేక్షణ లేకపోతే, పోటీ చట్టాల నుంచి మినహాయింపు దొరకదు. రెండేళ్లకు అదే వాదన లూసియానా అప్రైజర్ల బోర్డు దాకా వచ్చింది. అప్రైజర్లకు ఇచ్చే ఫీజు విషయంలో ఆ బోర్డు పెట్టిన నిబంధన పోటీని అడ్డుకుంటోందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో కేసు పెట్టింది. చివరికి రాజీతో ముగిసింది.

లూసియానా అప్రైజర్ల బాధ నాకు తెలుసు. అప్రైజల్ కోసం మీరు కట్టే డబ్బంతా ఇంటికి వచ్చిన మనిషికి అందుతుందని అనుకుంటున్నారేమో, అందదు. 2009 తర్వాత లెండర్లు ఎక్కువగా అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీల ద్వారా ఆర్డర్లు ఇస్తున్నారు. మేం ఏఎంసీ అంటాం. మీ ఫీజులో కొంత వాళ్లు ఉంచుకుంటారు, మిగిలింది అప్రైజర్‌కు వస్తుంది. తక్కువకు, తొందరగా చేసేవాళ్లకే పని పోతుంది. పక్క కౌంటీ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చి, మన కాలనీ గురించి ఏమీ తెలియకుండా హైవే అవతలి ఇళ్లను కాంప్స్‌గా, అంటే పోల్చి చూసే అమ్మకాలుగా, పెట్టేసే రిపోర్టులు ఇలాగే పుడతాయి. పైగా టెక్సస్‌లో అమ్మకం ధర బహిరంగ రికార్డుల్లో రాయరు. ఎంఎల్ఎస్ అనే ఏజెంట్ల లిస్టింగుల డేటాబేసులో వెతికి, ఏజెంట్లకు ఫోన్లు చేసి కనుక్కోవాలి. అంత ఓపిక తక్కువ ఫీజుకు రాదు. అయినా, ఫీజు తీసుకునేవాళ్లే బోర్డులో ఎక్కువమంది కూర్చుని ఫీజు నిబంధన రాస్తే, ఉద్దేశం మంచిదైనా జనం నమ్మరు.

ఇక నా సంగతి. నాన్న ఖమ్మంలో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్. హద్దులు, గజాలు, మార్కెట్ విలువ అనే మాటలు వింటూనే పెరిగాను. ఇక్కడ పని చేసుకునే వీలు దొరకగానే ఈ వృత్తే అనుకున్నాను. 75 గంటల చదువు పూర్తి చేశాను. తర్వాత లైసెన్సుకు 1000 గంటల పని అనుభవం చూపాలి. ఆ గంటలు ఒక సూపర్‌వైజర్ కింద చేయాలి. ఆయన సర్టిఫైడ్ అప్రైజర్ అయి కనీసం మూడేళ్లు అయుండాలి, మామూలుగా ఒకేసారి ముగ్గురికి మించి ట్రైనీలను పెట్టుకోకూడదు.

ఏడాదిన్నర తిరిగాను. మెయిళ్లు, ఫోన్లు, అసోసియేషన్ భోజనాలు, అన్నీ అయ్యాయి. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒక పెద్దాయన మాత్రం ఉన్న మాట చెప్పారు: "నీకు నేర్పితే రెండేళ్లకు నా కౌంటీలో నాకే పోటీకి వస్తావమ్మా. పైగా నీ తప్పుకు నా లైసెన్సు పోతుంది." ఆయన మీద నాకు కోపం లేదు. ట్రైనీ ఒక్కతే ఇల్లు చూసివస్తే చాలామంది లెండర్లు ఒప్పుకోరు, కాబట్టి నన్ను పెట్టుకుంటే ఆయనకు పని పెరుగుతుంది తప్ప తగ్గదు. నాన్న దగ్గరో బాబాయి దగ్గరో ఈ పని ఉన్న పిల్లలకు మాత్రం మొదటి రోజే సూపర్‌వైజర్ దొరుకుతాడు. కొత్తగా వచ్చిన మనుషులకు ఈ తలుపు ఎందుకు తెరుచుకోదో నాకు ఆ ఏడాదిన్నరలో తెలిసొచ్చింది. ఆఖరికి ఒక ఆవిడ ఒప్పుకున్నారు. ఆవిడ పేరు చెప్పుకుని రోజూ దండం పెడతాను.

ఇప్పుడు పరేయా అని ఒక పద్ధతి వచ్చింది. సూపర్‌వైజర్ లేకుండా కంప్యూటర్‌లో, ఒక మార్గదర్శి సాయంతో ఆ గంటలు పూర్తి చేయవచ్చు. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాల చేతిలో ఉంది. ఇలాంటి ప్రశ్న బోర్డు ముందుకు వచ్చినప్పుడు అక్కడ కూర్చున్న అప్రైజర్లందరూ ముప్పై ఏళ్ల కిందట వృత్తిలోకి వచ్చినవాళ్లే అయితే, తలుపు బయట నిలబడ్డవాళ్ల మాట ఎవరు చెప్తారు? అందుకే నాకు కావలసిన మొదటి మార్పు ఇది. అప్రైజర్లకున్న నాలుగు కుర్చీల్లో ఒకటి గత ఏడెనిమిదేళ్లలో లైసెన్సు వచ్చినవాళ్లకు అని చట్టంలో రాయాలి. ఇంకొకటి చిన్న ఊళ్లలో పనిచేసే అప్రైజర్‌కు ఇవ్వాలి. టెక్సస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి. డాలస్, హ్యూస్టన్ లెక్కలతో పశ్చిమాన పశువుల మేత భూములకు నిబంధనలు రాయలేం.

ఏఎంసీలకు కుర్చీ అసలు వద్దు. వాళ్ల రిజిస్ట్రేషన్ చూసేదీ ఈ బోర్డే. చెప్పుకోవలసింది ఉంటే సలహా కమిటీ ద్వారా చెప్పుకోవాలి, ఓటు మాత్రం ఉండకూడదు.

అసలు విషయం ప్రజల తరఫు నాలుగు కుర్చీలు. లెండర్ల నుంచి ఇంటి అప్పులు కొనే ఫ్రెడ్డీ మాక్ సంస్థ 2021లో కొనుగోలు అప్రైజల్స్ మీద ఒక అధ్యయనం బయటపెట్టింది. అప్రైజల్ కాంట్రాక్టు ధర కంటే తక్కువ వచ్చిన సందర్భాలు తెల్లవాళ్లు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో 7.4 శాతం, నల్లవాళ్ల ప్రాంతాల్లో 12.5, లాటినోల ప్రాంతాల్లో 15.4. ఒక్కో ఫైలు విడిగా తీసి చూస్తే కాంప్స్ సరిపోయాయా, చదరపు అడుగులు సరిపోయాయా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఈ తేడా కనిపించాలంటే ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి అడిగేవాళ్లు కావాలి. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న అంత తొందరగా తట్టదు. నాకే మొదట తట్టలేదు. ఇల్లు అప్పు మీద కొని, రిపోర్టు చదివి అర్థం కాక తల పట్టుకున్న మనిషికి తడుతుంది. ప్రజల తరఫు కుర్చీల్లో కనీసం ఒకటి అలాంటి మనిషికో, ఇళ్లు కొనేవాళ్లకు సలహాలిచ్చే సేవా సంస్థల్లో పనిచేసేవాళ్లకో ఇవ్వాలని నా కోరిక.

ఇవన్నీ శాసనసభ మార్చవలసినవి. అది మామూలుగా బేసి సంవత్సరాల్లో 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది, కాబట్టి ఇప్పటి నుంచే మన ప్రతినిధులకు రాయాలి. మారదు అనకండి. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డుల సభ్యత్వం 2023లో మార్చారు కదా. 75 వేలకు పైగా జనాభా ఉన్న కౌంటీల్లో ముగ్గురు డైరెక్టర్లను జనమే ఎన్నుకోవాలని చట్టం చేశారు. 2024 మేలో మొదటి ఎన్నిక జరిగింది. మా గ్రూపులో దాని గురించి ఒక్క మెసేజ్ కూడా రాలేదు. నాకూ అయిపోయాకే తెలిసింది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చట్టం మారకముందే చేయగలిగింది ఒకటి ఉంది. ప్రజల తరఫు కుర్చీకి ఎవరైనా గవర్నర్ నియామకాల ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక షరతు గమనించండి: ఆ మనిషికి గానీ, భార్యకో భర్తకో గానీ రియల్ ఎస్టేట్ రంగంలో లైసెన్సు ఉండకూడదు. మన ఇళ్లలో ఒకరు ఐటీ, ఇంకొకరు పార్ట్‌టైమ్ రియల్టర్. అక్కడే సగం మంది ఆగిపోతారు. నా ట్రైనీ లైసెన్సు వల్ల మా ఇంట్లో ఇద్దరమూ పనికిరాం.

ఫ్రిస్కో అన్నయ్యా, మీకు ఇంకా దారి ఉంది. లెండర్‌ను ఆర్‌ఓవీ అడగండి, అంటే విలువను మళ్లీ చూడమని కోరడం. ఒక్కసారే అవకాశం. మీ తరఫున ఐదు అమ్మకాల వరకు చూపించవచ్చు. మీ సబ్‌డివిజన్‌లోనే, అదే సైజువి, ఈ మధ్య అమ్ముడైనవి ఏరండి. ఏరడానికి సాయం కావాలంటే ఫోన్ చేయండి, డబ్బులేమీ వద్దు.

మా వదిన ప్లేనోలో నర్సు. పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఆవిడ భర్త, మా సొంత అన్నయ్యకు ఏ లైసెన్సూ లేదు. శనివారం వాళ్లింటికి వెళ్తున్నాను, ఇద్దరం కూర్చుని ఆ దరఖాస్తు నింపుతాం.