50 మైక్రోగ్రాముల మాత్ర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ గారికి నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి అనే మొదలుపెట్టాలి గానీ, మీరు మా ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఇక్కడ నాకొచ్చే కోపం నాదో మీదో తేలడం లేదు. ఆ లెక్కేదో తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

ముందుగా మీ పరపతికి ఒక దండం. మీలో ఉన్న అసలు మందు గ్రాములో ఇరవై వేలో వంతు, కంటికి కూడా ఆనదు, దానికోసం తెల్లారకముందే ఎన్ని మడీ ఆచారాలు! పరగడుపున వేసుకోవాలి, ఉత్త మంచినీళ్లతోనే వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ వంక చూడకూడదు. డికాక్షన్ వాసన ఇల్లంతా తిరుగుతుంటే గడియారం ముల్లు చూస్తూ కూర్చున్న మనిషికి చిరాకు వస్తే అది మందు ప్రభావమా, కాఫీ పడకపోవడమా? దీన్ని తేల్చే పరీక్ష మాత్రం ఏ ల్యాబులోనూ లేదు.

మీరు రాకముందు నాకు వేరే బిరుదులుండేవి. మే నెలలో దుప్పటి కప్పుకుంటే ఒళ్లొంగదన్నారు. జుట్టు ఊడితే నూనె పెట్టుకోనన్నారు. మాట్లాడబుద్ధి కాక ఓ మూల కూర్చుంటే, అబ్బో, పొగరన్నారు. రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఆ బిరుదులన్నీ రద్దయి అన్నిటికీ కలిపి ఒకటే పేరు ఖాయమైంది, థైరాయిడ్. ఇన్నాళ్లూ అన్నమాటలకి ఎవరైనా నొచ్చుకున్నారా అంటే లేదు, అది వేరే విషయం.

టీఎస్‌హెచ్ అంకె ఎందుకు పెరుగుతుందో మా డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మెదడు అడుగున పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుంది, మెడలో ఉన్న థైరాయిడ్‌కి ‘పని చెయ్యి’ అని అది పంపే కబురే ఈ టీఎస్‌హెచ్. కిందున్నది పలక్కపోతే పైనున్నది గొంతు పెంచుతుంది, అంకె పెరుగుతుంది. వింటుంటే నాకు మా ఇల్లే కళ్లముందు కనపడింది. ఒకసారి చెబితే వినరు, రెండోసారి చెబితే ‘ఊఁ’ అంటారు, మూడోసారికి గొంతు లేస్తుంది. పిట్యూటరీ గొంతు పెంచితే జబ్బు థైరాయిడ్‌ది అంటారు, నేను గొంతు పెంచితే మాత్రం జబ్బు నాదట. ఏం న్యాయమండీ ఇది?

మొన్న ఆదివారం మా ఆయన చెప్పాపెట్టకుండా నలుగురు స్నేహితుల్ని భోజనానికి తీసుకొచ్చారు, సరిగ్గా గిన్నెలు తోముకుని నడుం వాల్చబోయే వేళకి. వంటింట్లోకి పిలిచి రెండు మాటలన్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, ఎంతో ప్రేమగా, "ఈపూట మాత్ర వేసుకున్నావా?" అన్నారు. ఆ ప్రేమకే నాకు ఇంకా మండింది. ఆడపడుచు ఫోన్ చేసి "పాపం వదిన, మందు పడలేదేమో" అంది. అత్తయ్య ‘డోసు తగ్గించమని అడగవే’ అంది. నలుగురూ శుభ్రంగా తిని వెళ్లారు, తప్పు మీదని తేలింది, ఆయన నిద్రపోయారు.

మీరు నన్నేమీ చెయ్యలేదని కాదు, ఉన్నమాట చెప్పాలి. మొదట్లో కొన్నాళ్లు నాకే నేను అర్థం కాలేదు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు "మెల్లగా అమ్మా" అంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, సాయంత్రానికి అదే నేను కుక్కర్ మూత మీద యుద్ధం ప్రకటించాను. ఎన్నాళ్లుగానో నెమ్మదిగా నడిచిన ఒళ్లు ఒక్కసారి వేగం అందుకుంటే మనసు కూడా కాస్త తూలుతుందట. మీరు కూడా తాపీ మనుషులే, రక్తంలో సగం తగ్గడానికే వారం తీసుకుంటారు, ఆ లెక్కన నిలకడగా కుదురుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ రక్తం ఇమ్మంటారు. ఈలోగా ఇంట్లోవాళ్లు పొద్దున వేసిన మాత్రకి సాయంత్రానికల్లా నన్ను శాంతస్వరూపిణిగా చూడాలనుకుంటారు.

డోసు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కంగారు వస్తాయి, అలా అయితే మీ అంతట మీరు మానెయ్యకండి, వచ్చి చెప్పండి అంది డాక్టరమ్మ. ఆ జాబితా రెండుసార్లు అడిగి రాసుకున్నాను. అందులో ‘మొగుడి స్నేహితులకి వండను పొమ్మనడం’ ఎక్కడా లేదు.

మీ వంశచరిత్ర గొప్పదే, కాదనను. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ మిమ్మల్ని స్ఫటికాలుగా విడదీశాడు, అంటే పండగపూట కూడా మనిషిని ఇంటికి పోనివ్వలేదన్నమాట. 1949లో రిచర్డ్ యాషర్ అనే బ్రిటిష్ వైద్యుడు థైరాయిడ్ మందగించి మతి చలించిన పద్నాలుగు మంది గురించి రాశాడు, సరైన వైద్యం అందాక వాళ్లలో చాలామంది కోలుకున్నారు. మనసు మీద మీ కుటుంబానికి అంత పట్టుందని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే నా మనసంతా మీ పేరున రిజిస్టరు చేసేశారు చూశారా, అక్కడే నా అభ్యంతరం.

వచ్చే వారం మళ్లీ రక్తం ఇస్తున్నాను. అంకె దారిలోకి వస్తే ఆ రిపోర్టుని లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను. ఆ తేదీ నుంచి ఈ ఇంట్లో నాకు వచ్చు కోపములన్నియూ నా స్వార్జితమనియు, వాటిపై మీకుగాని మీ కంపెనీకిగాని ఎట్టి హక్కులు లేవనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

ఇట్లు,
కాఫీ కోసం ఎదురుచూస్తున్న,
మీ పరగడుపు నేస్తం

తా.క.: మెడికల్ షాపు అబ్బాయి మిమ్మల్నీ కాల్షియం బిళ్లల్నీ ఒకే కవర్లో వేసిచ్చాడు. మీ ఇద్దరికీ నాలుగు గంటల ఎడం ఉండాలట కదా, కాల్షియాన్ని రాత్రికి మార్చేశాను. ఇంకెవరెవరితో మీకు పడదో ఒకేసారి చెప్పెయ్యండి, మా బంధువుల్లో అయినా సరే.