గ్రాడ్యుయేషన్ డే మైకు గారికి ఒక మేనమామ విన్నపం

మహారాజశ్రీ మైకు గారికి,

నెల్లూరు నుంచి ఒక మేనమామ నమస్కరించి రాయునది. మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రాడ్యుయేషన్ డేలో తమరి పనితనం కళ్ళారా చూశాను. కాలేజీ పేరు మాత్రం రాయను. మా అక్క కూతురి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి.

కార్డులో ఐదింటికని వేసి ఆరున్నరకి మొదలుపెట్టారు. మే నెల నెల్లూరు ఎండకి పిల్లలు ఆ నల్ల గౌనుల్లో ఉడికిపోతుంటే, తమరు మాత్రం చల్లగా పోడియం మీద కొలువుదీరారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, కరస్పాండెంట్ గారి తండ్రిగారి ఫొటోకి దండ. అన్నిటికీ తమరి గొంతు ఖంగుమంది. ముఖ్య అతిథి గారైతే ముప్పావుగంట మాట్లాడారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో ప్రకాశం పంతులు గారు తుపాకీకి రొమ్ము చూపిన ఘట్టం చెబుతూ, ఆవేశంలో తన శాలువా కూడా పక్కకి లాగేశారు. పొట్టి శ్రీరాములు గారి 58 రోజుల దీక్ష దగ్గర గొంతు పూడుకుపోయింది. అక్కణ్ణుంచి మన నెల్లూరు జిల్లా పల్లె దూబగుంట. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు పాఠంలో చదివింది తమ ఊరి సంగతేనని గ్రహించి, సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాని నిషేధించేదాకా పోయింది. "ప్రశ్నించడం మన గడ్డ గుణం" అని ఆయన బల్ల గుద్దితే తమరు కూడా పరవశించి రెండింతలు మోగారు.

సరిగ్గా అప్పుడే స్టేజీ వెనక ఏం జరుగుతోందో తమరికి తెలీదు. మా పాప బ్రాంచి టాపరు కాబట్టి విద్యార్థుల తరఫున నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. "స్పీచి కాపీ ముందే చూపించాలి, రూలు" అన్నారు. చూపించింది. కల్చరల్ కమిటీ మేడమ్ ఎర్ర పెన్ను తీశారు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"డేటా స్ట్రక్చర్స్ చెప్పిన సారు జీతం అందక సెమిస్టర్ మధ్యలో వెళ్ళిపోయారు, ఆయన ఎక్కడున్నా మా అందరి తరఫున థ్యాంక్స్" అని ఉన్న చోట కొట్టేసి "అధ్యాపక బృందానికి కృతజ్ఞతలు" అని రాశారు. "తుఫాను రోజు దారంతా నీళ్ళు నిలిస్తే ఒక్కొక్కర్నీ గడప దాకా దింపి వెళ్ళిన బస్సు డ్రైవరన్న" అనేది "మెరుగైన రవాణా సౌకర్యం" అయింది. "లైబ్రరీ తాళం నాలుగేళ్ళలో, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ళొచ్చిన వారం మాత్రమే తీశారు" అన్న వాక్యం మీద రెండు అడ్డగీతలు, పక్కన "అవసరమా?" అని ఒక ప్రశ్న. క్యాంటీన్ ఇడ్లీ మీద జోకు మాత్రం ఉంచారు. కాంట్రాక్టరు మారుతున్నాడట. చివర్లో పాప రాయని వాక్యం ఒకటి చేరింది: "మా కరస్పాండెంట్ గారి దూరదృష్టి వల్లే మేమీరోజు ఇక్కడ నిలబడ్డాం." నిజానికి వాళ్ళు అక్కడ నిలబడింది కుర్చీలు చాలక.

పాప స్టేజీ ఎక్కింది. ఎర్ర పెన్ను వాక్యాలన్నీ బుద్ధిగా చదివింది. చదివేసి కాగితం మడిచి, "ఇంకొక్క మాట. మన లైబ్రరీ..." అంది.

మైకు గారూ, తమరికి పక్షవాతం వచ్చింది ఆ క్షణంలోనే. "రీ" దగ్గర నోరు మూతపడింది. స్టేజీ పక్కన సౌండు కుర్రాడి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది, ఉంగరాలున్న చెయ్యి. పాప పెదవులు కదులుతున్నాయి, ముందు వరుస వాళ్ళు తలలు ఊపుతున్నారు, వెనకున్న నాకేమీ వినపడలా. "ఏందబ్బా, కరెంటు పోయిందా?" అని పక్కాయన అడిగాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, సీరియల్ సెట్లు మెరుస్తున్నాయి, తమరొక్కరే పోయారు. పాప దిగి వచ్చేసింది. మరుక్షణం యాంకరమ్మ తమర్ని పట్టుకుని "సాంకేతిక కారణాల వల్ల అంతరాయానికి చింతిస్తున్నాం" అంటే ఆ మాట గేటు బయట వేరుశనక్కాయలమ్మే వాడికి కూడా వినబడింది!

అమెరికాలో తమరి వంశస్థుల చరిత్ర కాస్త తిరగేశాను. అక్కడ 1965లో వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని బడికొచ్చిన పిల్లల్ని ఇళ్ళకి పంపేస్తే, బడి గేటు దగ్గర పిల్లలు తమ వాక్‌స్వేచ్ఛని వదిలేసి లోపలికి రానక్కర్లేదని 1969లో సుప్రీంకోర్టు తేల్చింది. తమరికి ఇబ్బందికరమైన తీర్పే. కానీ 1988లో ఇంకో తీర్పు తమరి వైపు వచ్చింది. బడి తన పేరుతో నడిపే పత్రికల్లాంటి వాటిలో బోధనకి సంబంధించిన సబబైన కారణం ఉంటే పిల్లల మాటల్ని సవరించొచ్చంది. 2006లో నెవాడాలో ఒక హైస్కూలు అమ్మాయి, ఆమోదించిన కాపీ వదిలి తన మతవిశ్వాసం గురించి చదువుతుంటే మైకు కట్టేశారు. ఆ మాటలు వింటే బడే ఆ మతాన్ని ప్రచారం చేస్తున్నట్టు ఉంటుందని వాళ్ళ వాదన. అమ్మాయి కేసు వేసింది, ఓడిపోయింది. ఆ వాదన నాకు పూర్తిగా నచ్చిందని కాదు, కానీ మైకు మేమే ఆపాం, ఇందుకు ఆపాం అని చెప్పుకున్నారు. తమరిలా సాంకేతిక కారణం వెనక దాక్కోలా.

మన దగ్గర జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడి, తమ మతం ఒప్పుకోదని పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేస్తే 1986లో సుప్రీంకోర్టు మళ్ళీ చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి గారు. అంటే నోరు మూసుకుని ఉండటానికి మన విద్యార్థికి హక్కు ఉందని ఖాయంగా చెప్పొచ్చు. ఆ హక్కుని కాపాడటంలో తమరిని మించినవాళ్ళు లేరు. మాట్లాడే హక్కు సంగతి అడిగితే రాజ్యాంగం 19వ అధికరణం ఉందిగా అంటాం. కాలేజీ వాళ్ళేమో అది గవర్నమెంటుకి సార్, మాది ప్రైవేటు అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అడిగేటప్పుడు మాత్రం గవర్నమెంటు ఎక్కడుందో వాళ్ళకి బాగా గుర్తొస్తుంది.

అయినా తమరి మీద నాకు పెద్ద కోపం లేదు. నిజంగా నోరు నొక్కేది తమరు కాదు, ఆఫీసు రూములో ఉన్న ఆకుపచ్చ బీరువా. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ అందులోనే. ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూనివర్సిటీల పైనుండే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. దాని కాపీ కూడా ఆ బీరువాలోనే ఉన్నట్టుంది. రీయింబర్స్‌మెంట్ బకాయి పడిందనీ, అది మీరే కట్టి తీసుకెళ్ళండనీ అంటుంటే, స్టేజీ మీద నిజం మాట్లాడమని ఏ తల్లి పిల్లకి చెబుతుంది? మా అక్క ఆ రాత్రంతా "నీకెందుకే ఆ లైబ్రరీ గొడవ, చదివావా పెట్టావా" అని పాపని తిడుతూనే ఉంది. పాప ఒకటే అంది: "చదవనిచ్చారా మామా?"

సోమవారం సర్టిఫికెట్లకి నేనూ వెంట వెళ్ళాను. ముందు నో డ్యూస్ ఫారం నింపమన్నారు. ల్యాబు సంతకం, హాస్టలు సంతకం, స్పోర్ట్స్ సంతకం అయ్యాయి. లైబ్రరీ సంతకం దగ్గర ఆగింది. లైబ్రేరియన్ గారు బస్సుల ఇన్‌ఛార్జి కూడానట, పార్కింగులో దొరికారు. "లైబ్రరీ కార్డేదమ్మా?" అన్నారు. అసలు ఇవ్వలేదు సార్ అంది పాప. "పోగొట్టుకున్నట్టే లెక్క" అని రెండొందలు కట్టించుకుని రసీదు ఇచ్చారు. రసీదు మీద "గ్రంథాలయ అభివృద్ధి నిధి" అని అచ్చేసి ఉంది. ఒరిజినల్స్‌కి మళ్ళీ గురువారం రమ్మన్నారు.

ఇట్లు,
వెనక వరుస మేనమామ,
నెల్లూరు