మీ బదులు పడుకున్న అక్రిలిక్ దిమ్మె

సీటీ స్కాన్ తరువాత వచ్చే డోసు పట్టికలో మిల్లీగ్రేలలో (రేడియేషన్ డోసు కొలమానం) ఒక అంకె ఉంటుంది. "నా ఒంట్లోకి ఇంత రేడియేషన్ వెళ్లిందా?" అని దాన్ని చూపించి అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. అది మీ లెక్క కాదు, యంత్రం డోసు కొలవడానికి మనిషి బదులు పెట్టే, 32 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న అక్రిలిక్ దిమ్మె లెక్క. తలకైతే దిమ్మె 16 సెంటీమీటర్లు.

సన్నటి మనిషి పొట్టకు నిజంగా పడిన డోసు ఆ అంకెకు ఒకటిన్నర రెట్లు ఉండవచ్చు. చిన్న పిల్లలకు రెండు రెట్లు దాటవచ్చు. ఒంటి కొలతను బట్టి అంకెను సరిదిద్దే పద్ధతిని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2011లోనే ఇచ్చింది. అయినా చాలామంది చేతికి అందేది దిమ్మె అంకే. (అవసరమైన స్కాన్ మానుకోమని నేను అనడం లేదు.)

పోనీ, మనిషిని పోలిన నమూనాలు లేవా అంటే, బోలెడు ఉన్నాయి. 1960ల చివర్లో ఓక్ రిడ్జ్ పరిశోధకులు మనిషిని సమీకరణాలతో కట్టారు. మొండెం కోలగా ఉన్న స్తంభం, కాళ్లు కొస తెగిన శంకువులు. వృషణాలు, అండాశయాలు ఒకే దేహంలో! అర్ధనారీశ్వరుడే. నవ్వు వస్తుంది గాని, ఆనాటి కంప్యూటర్లు మోయగలిగిన మనిషి అంతే. తరువాత అసలు మనుషుల స్కాన్ చిత్రాలనే పేర్చి వోక్సెల్ దేహాలు, అంటే చిన్న చిన్న గడులతో కట్టిన దేహాలు, చేశారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2009లో ప్రకటించిన పురుషుడు 176 సెంటీమీటర్లు, 73 కిలోలు. స్త్రీ 163 సెంటీమీటర్లు, 60 కిలోలు. ఆ పురుషుడిలో ఒక్కో వోక్సెల్ ఎత్తు 8 మిల్లీమీటర్లు. కంటి కటకమే అంత మందం ఉండదు, ఇక చర్మం లోపలి పలుచని పొర సంగతి చెప్పాలా? 2020లో వచ్చిన మెష్ నమూనాలు (గడులకు బదులు వలలాంటి నునుపు ఉపరితలాలతో చేసినవి) ఆ లోటు తీర్చాయి. అద్భుతమైన పని, ఒప్పుకుంటాను.

కానీ ఎంత నునుపుగా చెక్కినా వాళ్లు ఆ ఇద్దరే. ఆ ఇద్దరి సగటు మీద కట్టిన ఎఫెక్టివ్ డోసు (అవయవాల డోసులను వాటి సున్నితత్వాన్ని బట్టి కలిపిన ఒకే అంకె) రక్షణ పరిమితులు నిర్ణయించడానికి పుట్టింది. దాన్ని తెచ్చి మంచం మీదున్న రోగికి అంటగట్టడమే నాకు మింగుడుపడదు. సీటీ తీశారంటే ఆ మనిషి నమూనా అప్పటికే చేతిలో ఉన్నట్టే కదా! అవయవాలను సాఫ్ట్‌వేరే విడదీస్తుంది, మాంటీ కార్లో లెక్క (కిరణాల దారులను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ అనుకరించి డోసు కట్టే పద్ధతి) గ్రాఫిక్స్ కార్డు మీద నిమిషాల్లో తేలుతుంది. స్కాన్‌లో పడని భాగాలకు మాత్రం అరువు దేహం కావాలి, అది వేరే తలనొప్పి.

ఎవరి లెక్క వాళ్ల చేతికి అందేంతవరకు, కనీసం ఆ అంకె పక్కన దిమ్మె వ్యాసమైనా కంటికి కనిపించేంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి.